50 నిమిషాల పీరియడ్: ఎటు పోతోంది, ఎంత వెనక్కి వచ్చింది (ప్రాజెక్టు డైరీ)

డిగ్రీ మొదటి సంవత్సరం ఫిజిక్స్, మెకానిక్స్ పేపర్. క్లాసులో 64 మంది. వారానికి 3 పీరియడ్లు, ఒక్కోటి 50 నిమిషాలు, 14 వారాలు. మొత్తం 42 క్లాసులు, 2,100 నిమిషాలు, అంటే 35 గంటలు. కాగితం మీద సిలబస్‌కి ఇవి సరిపోతాయి. నాకు మాత్రం ఏ సంవత్సరమూ సరిపోలేదు. చివరి యూనిట్‌ని ఎప్పుడూ రెండు మూడు క్లాసుల్లో పరుగెత్తించేదాన్ని. ఈ సెమిస్టర్‌లో ఏం మార్చానో, ఏది బెడిసికొట్టిందో ఇక్కడ రాస్తున్నాను. ఎవరైనా ఇదే పని మొదలుపెడితే నేను పోగొట్టుకున్న వారాలు వాళ్ళకి మిగలాలని.

దశ 0: కొలత (1 నుంచి 3వ వారం మొదటి క్లాసు వరకు)

మొదటి క్లాసులో స్టాప్‌వాచ్ చేత్తో పట్టుకుని పాఠం చెప్పాను. ఎవరో ప్రశ్న అడగ్గానే బటన్ నొక్కడం మర్చిపోయాను. ఆ రోజు లెక్క పనికిరాలేదు, తీసేశాను. రెండో క్లాసు నుంచి విద్యార్థులకి చెప్పి, ఫోన్‌లో ఆడియో రికార్డు చేశాను. సాయంత్రం వింటూ నోట్‌బుక్‌లో 50 గడులు గీసుకుని, ఒక్కో నిమిషానికి ఒక్కో అక్షరం నింపాను. ఒక్క క్లాసు విని నింపడానికి 35 నిమిషాలు పట్టింది, ఎందుకంటే నా ఉపన్యాసం నడిచే చోట ముందుకు జరపొచ్చు.

6 క్లాసులు, 300 నిమిషాల లెక్క ఇది:

- ఆలస్యంగా మొదలవడం, ప్రొజెక్టర్ సర్దుకోవడం: 24
- హాజరు: 31
- "పోయిన క్లాసులో ఏం చూశామంటే" అని నేను మళ్ళీ చెప్పడం: 41
- బోర్డు మీద రాయడం, పటాలు గీయడం, నోట్స్ చెప్పి రాయించడం: 88
- నా వివరణ: 79
- లెక్కలు నేను చేసి చూపించడం: 22
- విద్యార్థులు మాట్లాడటం, రాయడం, ఆలోచించడం: 9
- చివర ప్రకటనలు: 6

హాజరు ఎక్కువ తింటోందని ముందే అనుకున్నాను. ఒక్కో పేరుకి 5 సెకన్లు, 64 పేర్లు, సెమిస్టర్ మొత్తం మీద నాలుగు క్లాసుల పైచిలుకు. కానీ నన్ను కూర్చోబెట్టింది ఏడో పద్దు, విద్యార్థుల వంతు. 300 నిమిషాల్లో 9. క్లాసుకి ఒకటిన్నర నిమిషం. మెకానిక్స్ అంటే చేసి నేర్చుకునే పని. ఆ పని కోసం నా ఎదురుగా వాళ్ళకి దొరుకుతున్న సమయం ఒకటిన్నర నిమిషం.

అందుకే లెక్క పద్ధతి మార్చాను. "ఎన్ని నిమిషాలు ఆదా" అన్నది కాదు, "క్లాసుకి ఎన్ని నిమిషాలు విద్యార్థుల చేతిలో" అన్నది రాస్తాను. ప్రతి దశ చివర ఆ అంకె ఉంటుంది.

విద్యార్థుల చేతిలో: క్లాసుకి 1.5 నిమిషాలు.

దశ 1: మొదటి 15 నిమిషాలు (3, 4 వారాలు)

ప్రొజెక్టర్ తీసేశాను. మెకానిక్స్‌కి సుద్దముక్క చాలు.

హాజరుకి ముందు సంతకాల కాగితం తిప్పాను. మొదటి రోజే 58 సంతకాలు వచ్చాయి, తలలు లెక్కపెడితే 51. పైగా కాగితం వరసలు దాటుతున్నంతసేపూ ఆ వరస వాళ్ళు పాఠం వినరు, 12 నిమిషాలు అలా కదలిక సాగింది. రెండు క్లాసుల తర్వాత ఆపేశాను.

తర్వాత పెట్టింది ఇప్పటికీ నడుస్తోంది:

1. గంట కొట్టేసరికి బోర్డు మీద పోయిన క్లాసు నుంచి ఒక ప్రశ్న రాసి ఉంటుంది.
2. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పావు ఠావు కాగితం మీద జవాబు రాస్తారు. నోట్స్ తెరవకూడదు. రోల్ నంబర్ కుడి పైమూలనే.
3. ఐదో నిమిషంలో వరసల వారీగా కాగితాలు ముందుకు వస్తాయి. నేను తలలు లెక్కపెడతాను, 30 సెకన్లు. చీటీల లెక్కతో సరిపోవాలి.
4. చీటీయే హాజరు. మార్కులు లేవు.

మూలన రోల్ నంబర్ అన్న నియమం మొదట్లో లేదు. ఒకరు పైన, ఒకరు కింద, ఒకరు వెనక రాసేవారు, రిజిస్టర్‌లో ఎక్కించడానికి స్టాఫ్‌రూమ్‌లో 14 నిమిషాలు పట్టేది. మూల ఖాయం చేశాక 5 నిమిషాలు.

ఈ చీటీతో నా పునశ్చరణ కూడా పోయింది. అది తీసేయడానికి నాకు ధైర్యం ఇచ్చింది 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం. ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు, చదివి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు అని రెండు జట్లు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే తలకిందులైంది, రాసినవాళ్ళు బాగా ముందుకొచ్చారు. నా పునశ్చరణ సరిగ్గా మొదటి జట్టు పని. వింటుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది, చీటీ ముందు కూర్చుంటే తెలియనిది బయటపడుతుంది.

ఒక పొరపాటు: మొదటి నాలుగు చీటీల్లో నిర్వచనాలు అడిగాను. "ద్రవ్యవేగం అంటే ఏమిటి" లాంటివి. అందరూ రాశారు, ఎవరికీ ఏమీ ఒరగలేదు. ఐదో రోజు నుంచి చిన్న సందర్భం ఇచ్చి, ఏం జరుగుతుందో, ఎందుకో రెండు వాక్యాల్లో రాయమన్నాను.

విద్యార్థుల చేతిలో: 6.5 నిమిషాలు.

దశ 2: బోర్డు, నోట్స్ (4 నుంచి 6వ వారం)

ఇదే పెద్ద పద్దు, 88 నిమిషాలు. నేను బోర్డు మీద రాస్తే 64 మంది దాన్ని కాపీ చేస్తారు. ఆ సమయంలో ఎవరూ ఆలోచించరు, నేను కూడా.

మొదటి ప్రయత్నం: మొత్తం నోట్స్ ప్రింట్ తీసి ఇచ్చాను. రెండో క్లాసుకే కాగితాలు మడిచి పుస్తకంలోకి వెళ్ళిపోయాయి. పెన్ను పట్టుకున్నవాళ్ళు ఒక వరసలో ఇద్దరు. మూడో క్లాసుకి హాజరు 49కి పడిపోయింది. నోట్స్ స్నేహితులు తెస్తారని తెలిశాక రావడం ఎందుకని అనుకుని ఉంటారు.

రెండో ప్రయత్నం: ఖాళీలు పెట్టాను. 4 పేజీల్లో 40 ఖాళీలు. ఇది మరీ ఘోరం. వాళ్ళ చెవులు నేను చెప్పే మాటలో ఖాళీకి సరిపోయే పదం కోసమే వెతికాయి. ఒకమ్మాయి మధ్యలో ఆపి "మేడమ్, 23వది మిస్సయ్యాను" అంది. 23వది ఏ విషయం గురించో అడిగితే చెప్పలేకపోయింది. ఆ అమ్మాయి శ్రద్ధగానే వింటోంది. తప్పు నేను తయారుచేసిన కాగితంలో ఉంది.

మూడో ప్రయత్నం, ఇప్పుడు వాడుతున్నది: 2 పేజీలు, 7 నుంచి 10 ఖాళీలు. పదాలకి ఖాళీ పెట్టను. నిర్ణయం తీసుకోవాల్సిన చోట మాత్రమే పెడతాను: అక్షాలు ఎటు గీయాలి, గుర్తు ప్లస్సా మైనస్సా, ఏ బలం వదిలేశాం, ఈ మెట్టు నుంచి తర్వాతి మెట్టుకి ఏ నియమం వాడాం. వాలుతలం మీద దిమ్మె పటం ప్రింట్ చేసి ఉంటుంది, బాణాలు ఉండవు. బాణాలు వాళ్ళు గీయాలి.

మొదటి వాలుతలం రోజున బెంచీల మధ్య తిరుగుతూ చూశాను. 57 మంది వచ్చారు. వాళ్ళలో 31 మంది అభిలంబ బలాన్ని (తలం దిమ్మెని తోసే బలం) నిట్టనిలువుగా పైకి గీశారు, తలానికి లంబంగా కాదు. ఇన్నేళ్ళుగా ఆ పటం నేనే గీసి చూపిస్తున్నాను, వాళ్ళు సరిగ్గానే కాపీ చేస్తున్నారు. ఈ తప్పు మిడ్ పరీక్షలో తప్ప నాకెప్పుడూ కనిపించలేదు.

తయారీ ఖర్చు: మొదటి కాగితానికి 3 గంటలు, ఎనిమిదో దానికి 1 గంట 10 నిమిషాలు. బోర్డు పని క్లాసుకి దాదాపు 15 నిమిషాల నుంచి 6కి తగ్గింది.

ఇక అసలు తప్పు. ఆరో వారం చివర మళ్ళీ రికార్డింగ్ విన్నాను. ఆదా అయిన 9 నిమిషాల్లో 8 నిమిషాలూ నేనే మాట్లాడాను. ఇంకో ఉదాహరణ, ఇంకో పక్క విషయం. క్లాసులో ఖాళీ దొరికితే నా గొంతే దాన్ని నింపేస్తోంది, ఆ అలవాటు నాకు తెలియకుండానే. కాగితం మార్చినంత మాత్రాన ఇది మారదు. కాబట్టి అప్పటి నుంచి పాఠం ప్లాన్‌లో ముందు వాళ్ళు చేసే పనికి నిమిషాలు రాసి, మిగిలింది నాకు రాసుకుంటున్నాను. ముందు నా పాఠం రాసుకున్నన్నాళ్ళూ వాళ్ళకి ఏమీ మిగల్లేదు.

విద్యార్థుల చేతిలో: 7.5 నిమిషాలు. రెండు వారాల పనికి దక్కింది ఒక్క నిమిషం.

దశ 3: ఇంటి దగ్గర చూసి రావడం (7, 8 వారాలు)

2007లో అమెరికాలో బెర్గ్‌మన్, శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు క్లాసుకి రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. పాఠం ఇంట్లో, అభ్యాసం క్లాసులో అన్న పద్ధతి వాళ్ళ వల్లే బాగా ప్రచారంలోకి వచ్చింది. నేనూ ఒక పాఠం రికార్డు చేశాను, 34 నిమిషాలు. మర్నాడు చేతులెత్తమంటే 9 మంది చూశామన్నారు. చివరిదాకా చూసింది ఇద్దరు.

మూడు మార్పులు చేశాను, ఈ వరసలో:

1. వీడియో 8 నిమిషాలకి కుదించాను. ఒక్క విషయమే.
2. దాంతోపాటు ఒకటిన్నర పేజీ చదివే కాగితం. డేటా లేనివాళ్ళు, హాస్టల్‌లో ఫోన్ పంచుకునేవాళ్ళు ఉన్నారు. ఏదో ఒకటి చాలు.
3. మూడు ప్రశ్నలు. మూడోది ఎప్పుడూ ఒకటే: "ఎక్కడ అర్థం కాలేదు? ఒక వాక్యం రాయండి."

అప్పుడు 33 మంది చూసి వచ్చారు. మిగతావాళ్ళ కోసం జాలిపడి క్లాసులో అదే విషయం 10 నిమిషాల్లో మళ్ళీ చెప్పాను. తర్వాతి వారం చూసి వచ్చినవాళ్ళు 21 మంది. నష్టపోయింది చదువుకుని వచ్చినవాళ్ళే, వాళ్ళకి అదే పాఠం రెండుసార్లు. ఇక చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. చూడకుండా వచ్చినవాళ్ళకి కాగితం ఇచ్చి, వెనక బెంచీలో చీటీ రాసే 5 నిమిషాల్లో చదవమంటాను. మూడు వారాల తర్వాత ఈ అంకె 44 దగ్గర నిలబడింది. అంతకంటే పైకి తేలేకపోయాను.

అన్ని పాఠాలకీ ఇది పనికిరాదు. నిర్వచనాలు, ప్రమాణాలు (యూనిట్లు), తేలిక డెరివేషన్లు (సూత్రాన్ని మెట్టు మెట్టుగా రాబట్టడం) ఇంటికి పంపొచ్చు. జడత్వ భ్రామకం (వస్తువు తిరిగే వేగాన్ని మార్చడం ఎంత కష్టమో చెప్పే కొలత) ఇంటికి పంపి చూశాను, 50 చీటీల్లో 38 మంది "మొత్తం అర్థం కాలేదు" అని రాశారు. అది క్లాసులో మొదలుపెట్టాల్సిన పాఠం.

విద్యార్థుల చేతిలో: 12 నిమిషాలు.

దశ 4: ప్రశ్న, ఓటు, పక్కవాళ్ళతో వాదన (8 నుంచి 11వ వారం)

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల నుంచి వాడుతున్న పద్ధతి ఇది. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు. ముందు ఎవరికి వాళ్ళు ఓటు వేస్తారు, తర్వాత వేరే జవాబు చెప్పినవాళ్ళతో వాదిస్తారు, మళ్ళీ ఓటు.

మొదట ఫోన్ యాప్‌తో ఓటు పెట్టాను. లాగిన్ అవడానికే 7 నిమిషాలు. నలుగురికి నెట్‌వర్క్ లేదు, ఇద్దరికి చార్జింగ్ లేదు, తెరిచిన ఫోన్లు మళ్ళీ మూయడానికి ఇంకో రెండు నిమిషాలు. రెండు క్లాసులతో సరి. ఇప్పుడు ఏ4 కాగితం నాలుగు మడతలు, ఒక్కో మడత మీద ఎ, బి, సి, డి. గుండెకి ఆనించి పట్టుకుంటే పక్కవాళ్ళకి కనబడదు, నాకు కనబడుతుంది. లెక్కపెట్టడానికి 25 సెకన్లు.

ప్రశ్న తగినంత కష్టంగా లేకపోతే ఇదంతా వృథా. నా మొదటి ప్రశ్నకి పది మందిలో తొమ్మిది మంది మొదటిసారే సరిగ్గా చెప్పారు, వాదించడానికి ఏమీ లేదు. రెండోదానికి క్లాసు మొత్తంలో 8 మందే సరిగ్గా చెప్పారు, వాదనలో తప్పే గెలిచింది. మజూర్ పద్ధతిలో మొదటి ఓటు 30 నుంచి 70 శాతం మధ్య ఉన్నప్పుడే చర్చకి వదులుతారు. 30 కంటే తక్కువైతే ఆపి వివరించాలి, 70 దాటితే ఒక మాట చెప్పి ముందుకెళ్ళాలి. ఇది తెలిసి కూడా మొదటి వారం పట్టించుకోలేదు, చర్చే ముఖ్యమనుకున్నాను.

బాగా నడిచిన రోజు ఎలా ఉందో రాస్తాను. ప్రశ్న: బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం. అత్యంత ఎత్తులో ఉన్న క్షణాన దాని త్వరణం ఎంత? ఆ రోజు 57 మంది. మొదటి ఓటు: 23 మంది "కిందికి 9.8 మీ/సె²" అన్నారు (సరైనది ఇదే), 29 మంది "సున్నా", ఐదుగురు మిగతావి. మూడు నిమిషాలు వదిలాను. మూడో బెంచీ పక్కన నిలబడి విన్నాను.

"పైన ఆగింది కదా, ఆగితే త్వరణం ఏముంటుంది?"

"ఆగింది సరే. త్వరణం సున్నా అయితే మరి వేగం మారదుగా?"

"మారదు."

"మారకపోతే ఆ సున్నా అలాగే ఉండిపోవాలి. బంతి అక్కడే వేలాడాలి."

మొదటి అబ్బాయి కొంచెంసేపు పైకప్పు వైపు చూసి, చేతిలో ఉన్న సుద్దముక్కని పైకి విసిరి పట్టుకున్నాడు. మళ్ళీ విసిరాడు. కార్డు తిప్పేశాడు. రెండో ఓటులో 41 మంది సరైన జవాబు. "వేలాడాలి" అన్న మాట నాకెప్పుడూ తట్టలేదు. ఆ తర్వాత ఈ విషయం ఎవరికి చెప్పినా ఆ మాటే వాడుతున్నాను.

ఈ దశలో ఇంకొకటి కొలిచాను. ప్రశ్న అడిగాక నేను ఎంతసేపు ఆగుతున్నాను? రికార్డింగ్‌లో 20 చోట్ల చూస్తే సగటు 1.3 సెకన్లు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో బడి క్లాసుల్లో కొలిచి, టీచర్లు ఒక సెకను పాటు ఆగి తర్వాత తామే మాట్లాడేస్తారని రాసింది. ఆ విరామం మూడు సెకన్లు దాటితే జవాబులు పొడవుగా, మెరుగ్గా వచ్చాయి. నేను మనసులో ఐదు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడో అంకె దగ్గర ఇప్పటికీ టెన్షన్ వస్తుంది, నాలుగో అంకెకి ఎవరో ఒకరు నోరు తెరుస్తారు. మూడు వారాల తర్వాత సగటు 4.1 సెకన్లు. ఈ డైరీలో ఖర్చు లేని మార్పు ఇదొక్కటే.

క్లాసుకి రెండు ప్రశ్నలు, ఒక్కోదానికి 5 నిమిషాల దాకా.

విద్యార్థుల చేతిలో: 21 నిమిషాలు.

దశ 5: సిలబస్ (9 నుంచి 12వ వారం)

తొమ్మిదో వారం మొదట్లో మూడు క్లాసులు వెనకబడ్డాను. ఊహించాల్సిందే, ఊహించలేదు. ఒక ఆదివారం మిగిలిన 31 అంశాలూ విడివిడి చీటీల మీద రాసి, మూడు కుప్పలు చేశాను.

- క్లాసులో చేయాల్సినవి, అంటే ఒంటరిగా చేస్తే తప్పు దారి పట్టేవి: 17
- ఇంటికి పంపగలిగేవి: 9
- డెరివేషన్ మొత్తం కాకుండా మొదటి మెట్టు, చివరి ఫలితం మాత్రం క్లాసులో చెప్పి, మధ్య మెట్లు కాగితంగా ఇచ్చేవి: 5

మూడో కుప్ప నాకు కష్టంగా అనిపించింది. గోళం జడత్వ భ్రామకం డెరివేషన్ చెప్పడం నాకు ఇష్టం, బాగా చెబుతానని పేరు కూడా. కానీ 25 నిమిషాలు. ఆ సమయంలో ఓటు ప్రశ్నలు నాలుగు పడతాయి. కాగితంగా ఇచ్చేశాను. పన్నెండో వారానికి లోటు అర క్లాసుకి తగ్గింది.

పదో వారంలో పేర్లు లేకుండా అభిప్రాయాలు అడిగాను. 56 చీటీల్లో 19 మంది "మీరు పాఠం చెప్పడం తగ్గించారు, మాకు తక్కువ అర్థమవుతోంది" అన్న అర్థంలో రాశారు. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. 2019లో హార్వర్డ్‌లో డెలోరియే బృందం ప్రచురించిన ఫలితం గుర్తొచ్చింది. విద్యార్థులే చేసి నేర్చుకున్న ఫిజిక్స్ క్లాసుల్లో వాళ్ళు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ మంచి ఉపన్యాసం విన్నవాళ్ళతో పోలిస్తే తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. కష్టపడటాన్ని అర్థం కాకపోవడంగా తీసుకున్నారు. ఈ సంగతి సెమిస్టర్ మొదట్లోనే విద్యార్థులకి చెప్పాలి. నేను పదో వారం దాకా చెప్పలేదు, అది నా తప్పు. మర్నాడు 6 నిమిషాలు తీసుకుని ఎందుకిలా చేస్తున్నానో చెప్పి, వాళ్ళ మొదటి ఓటు, రెండో ఓటు అంకెలే బోర్డు మీద పెట్టాను. పన్నెండో వారం మళ్ళీ అడిగితే ఆ మాట రాసినవాళ్ళు 8 మంది.

విద్యార్థుల చేతిలో: 24 నిమిషాలు. చివరి 4 క్లాసులు రికార్డు చేసి లెక్కపెట్టాను, 200కి 96.

దశ 6: ఫలితం, ఖర్చు (13, 14 వారాలు)

పోయినేడు బ్యాచ్‌కి ఇచ్చిన 10 భావన (కాన్సెప్ట్) ప్రశ్నలే ముందుగా చెప్పకుండా ఇచ్చాను. వాళ్ళ సగటు 4.6, వీళ్ళది 6.1. డెరివేషన్ల మీద 4 మార్కుల ప్రశ్నలో వాళ్ళ సగటు 2.4, వీళ్ళది 2.1. మూడో కుప్ప ఖర్చు అక్కడ కనబడింది. బ్యాచ్‌లు వేరు, కాబట్టి ఈ అంకెల్ని నా క్లాసు వరకే నమ్ముతున్నాను.

నా సమయం: పోయినేడు ఒక్కో క్లాసుకి తయారీ 40 నిమిషాలు. ఈసారి సగటున 1 గంట 50 నిమిషాలు. కాగితాలు, ప్రశ్నలు తయారుగా ఉన్నాయి కాబట్టి వచ్చే ఏడాది ఒక గంట లోపే అవుతుంది. రెండు సబ్జెక్టులు ఒకేసారి మార్చాలని ఎవరూ అనుకోవద్దు. ఒక్క యూనిట్‌తో మొదలుపెట్టాలి.

క్లాసు చివర రెండు నిమిషాల "ఏం అర్థం కాలేదు" చీటీ కూడా పెట్టాను. అన్నీ చదివితే 40 నిమిషాలు పట్టేది, వారంలో అలా అన్నీ చదవడం వదిలేశాను. ఇప్పుడు కట్ట కలిపి 15 తీసి, మూడు కుప్పలు చేస్తాను, 12 నిమిషాలు. పెద్ద కుప్పలోంచి మర్నాటి మొదటి ప్రశ్న వస్తుంది.

వచ్చే సెమిస్టర్ మొదటి రోజుకి బల్ల మీద ఉన్నవి: మడత కార్డులు 70, మొదటి యూనిట్ కాగితాలు 6, మొదటి ఓటు శాతం పక్కన రాసి ఉన్న ప్రశ్నలు 38. వాటిలో 11 ప్రశ్నలకి ఎర్ర గీత పెట్టాను, 30 నుంచి 70 మధ్య పడనివి.

తేలనిది ఒకటుంది. చివరి రెండు వరసల్లో 11 మంది మొదటి ఓటు ఎప్పుడూ చుట్టూ చూశాకే ఎత్తుతారు. వాళ్ళ చీటీలు చూస్తే సగం మందికి విషయం తెలుసు. పధ్నాలుగో వారంలో వాళ్ళలో నలుగుర్ని మధ్య బెంచీల్లోకి మార్చి కూర్చోబెట్టాను. ఇద్దరు వాదనలో నోరు విప్పారు. ఇంకో ఇద్దరు తర్వాతి క్లాసుకి రాలేదు. వాళ్ళని కారిడార్‌లో కలిసి, వెనక బెంచీకే రమ్మని చెప్పాను. వచ్చారు. వచ్చే సెమిస్టర్‌లో వాళ్ళని కదపకుండా నేనే వెనక వరస దగ్గర నిలబడి ప్రశ్న చదవాలని అనుకుంటున్నాను.